‘సూపర్’ తర్వాత ఏం చెప్పాలి?

కొండలు, నదులు, మబ్బులు, పొద్దుపొడుపులు... ఎవరి ఫోన్ తెరిచినా అవే ఫొటోలు. తీసేవాళ్లకు కొదవలేదు. తీరిగ్గా చూసి ఒక నిజమైన మాట చెప్పేవాళ్లే తక్కువ. ఆ మాట ఎలా చెప్పాలి, ఎలా వినాలి అన్నదే ఈ వారం ముఖచిత్ర కథనం.

డిసెంబరు వచ్చిందంటే వంజంగి కొండ మీద తెల్లారకముందే సందడి మొదలవుతుంది. పాడేరు దగ్గరి ఆ కొండెక్కి, మబ్బుల సముద్రం మీద సూర్యుడు పొడిచే క్షణం కోసం జనం చలిలో వణుకుతూ ఎదురుచూస్తుంటారు. లంబసింగిలో పొగమంచు, అరకులో వలిసె పూల పసుపు, గండికోటలో పెన్న లోయ... ఏ దారి పట్టినా మెడలో కెమెరానో చేతిలో ఫోనో తప్పనిసరి. మధ్యాహ్నానికల్లా ఆ ఫొటోలన్నీ స్నేహితుల గ్రూపుల్లోకి చేరతాయి. కింద వరసగా బొటనవేళ్లు, దండాలు, ‘సూపర్’, ‘కేక’, ‘అదిరింది’. రాత్రికి వాటి మీద కొత్త ఫొటోలు వచ్చి పడతాయి. తీసినవాళ్ల మనసులో ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది. నిజంగా బాగుందా? బాగుంటే ఏది బాగుంది? ఇంకెలా తీసి ఉండాల్సింది?

మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. ‘సూపర్’ అన్నవాళ్ల అభిమానాన్ని శంకించాల్సిన పని అంతకన్నా లేదు. కాకపోతే ఆ మాట ఏ ఫొటో కింద పెట్టినా సరిపోతుంది, అందుకే ఏ ఫొటో గురించీ ఏమీ చెప్పదు. రెండో కొసన ఇంకోరకం మాటలుంటాయి. ‘ఎడిటింగ్ ఎక్కువైంది’, ‘ఇలాంటివి చాలా చూశాంలే’, ‘కెమెరా మార్చు’. మొదటి రకం మాటలు విన్నవాళ్లు కొత్తగా ఏమీ నేర్చుకోరు. రెండో రకం పుల్లవిరుపు మాటలు విన్నవాళ్లు మళ్లీ ఫొటో చూపించడానికే జంకుతారు. ఈ రెంటికీ మధ్య స్నేహంగా, సూటిగా మాట్లాడే తీరు ఒకటుంది. ఎవరైనా సాధన చేసి పట్టుకోగలిగిన విద్య అది. కొత్త లెన్సు కన్నా ఎక్కువ నేర్పేదీ అదే.

కొండ ఏమీ చెప్పదు

పెళ్లి ఫొటోలో ముఖం సరిగా రాకపోతే పెళ్లికూతురే చెప్పేస్తుంది. పసిపిల్లల ఫొటో బాగుందో లేదో అమ్మమ్మ ముఖం చూస్తే తెలిసిపోతుంది. ల్యాండ్‌స్కేప్‌కి ఆ అదృష్టం లేదు. కొండనో వాగునో ఎంత అన్యాయంగా తీసినా అది నోరు తెరిచి అడగదు.

దానికితోడు ఇంకో చిక్కుంది. ఫొటో తీసిన మనిషి ఆ చోట నిలబడి ఉంటాడు. చీకట్లో రాళ్లు తడుముకుంటూ ఎక్కిన అలుపు, ముఖానికి కొట్టిన చల్లగాలి, తడిమట్టి వాసన, పక్కన ఎవరో ఇచ్చిన వేడి టీ అన్నీ అతని జ్ఞాపకంలో ఉంటాయి. ఇంటికొచ్చి ఫొటో చూసుకున్నప్పుడు అవన్నీ అందులో ఉన్నట్టే అనిపిస్తాయి. చూసేవాళ్లకు దక్కేది మాత్రం నాలుగు అంచుల మధ్య ఉన్న వెలుగూ నీడలే. ఫొటోలో నిజంగా ఏముందో, ఏది తీసినవాళ్ల గుండెలోనే ఉండిపోయిందో విడదీసి చెప్పగలిగేది అక్కడికి వెళ్లని మనిషే. స్నేహితుడి అభిప్రాయానికి ఉన్న విలువ అక్కడుంది. అతను ఫొటోగ్రఫీ పండితుడు కానక్కర్లేదు, కళ్లు తెరిచి చూస్తే చాలు.

పాపికొండల మధ్య లాంచీలో వెళ్తుంటే రెండు పక్కల కొండలూ మీదికి ఒరిగినట్టుంటాయి. అదే చోట ఫోన్‌లోని వైడ్ లెన్సుతో ఫొటో తీస్తే నీళ్లు ముప్పావు వంతు ఆక్రమించి, కొండలు దూరాన చిన్న గుట్టల్లా తేలిపోతాయి. వైడ్ లెన్సు దగ్గరున్న వాటిని పెద్దవి చేసి, దూరాన ఉన్నవాటిని కుదించేస్తుంది. లాంచీలో కూర్చున్న మనిషికి ఇది పట్టదు, ఎందుకంటే ఫొటో చూసినప్పుడల్లా అతని మనసు ఆ కొండల్ని మళ్లీ పెంచేసి చూపిస్తుంది. ‘కొండలు చాలా దూరంగా ఉన్నట్టున్నాయే’ అని ఇంట్లో ఎవరో అమాయకంగా అన్నప్పుడు గానీ సంగతి అర్థం కాదు. తర్వాతిసారి కాస్త జూమ్ చేసి, నీళ్లు తగ్గించి, కొండలతో ఫ్రేమ్ నింపడానికి ఆ ఒక్క మాట చాలు.

గండికోట ఫొటో ముందు ఇద్దరు

జమ్మలమడుగు దగ్గర ఇద్దరు మిత్రులు ఒక ఫొటో ముందు కూర్చుని మాట్లాడుకుంటుంటే పక్కనే ఉండి విన్నాను. తీసింది చిన్నవాడు. గండికోట అంచు నుంచి, సూర్యుడు అప్పుడే పైకొస్తుండగా తీసిన ఫొటో. కింద ముందువైపు ఎర్రటి బండరాళ్లు, మధ్యలో లోయ, పైన ఆకాశం.

“అన్నా, ఎట్లుందో చెప్పు. మొగమాటం పడాకు.”

“ఫస్టు నా కన్ను యాడికి పోయిందో చెప్పేదా?”

“చెప్పు.”

“ఈ కుడిపక్క మూలన తెల్లంగా ఏందో ఉండాది. దాని మీదికి పోయింది.”

“అది నీళ్ల బాటిలన్నా. ఎవురో పారేసిపోయినారు.”

“దాన్నించి ఆకాశానికి పోయింది. ఆ రంగు బాగుండాది, యాడా ఎక్కువ కాలేదు. లోయలోకి మాత్రం నా కన్ను దిగలే.”

“లోయే గదన్నా ముఖ్యం! మూడు నూర్ల అడుగులుంటాది.”

“నువ్వు అంచున నిలబడినావు కాబట్టి నీకు తెలుసు. ఈడ కూసున్న నాకు ఎట్ల తెలియాల? అంతా నల్లగా ఉండాది, అడుగున ఏరు కూడా కనపడల్యా.”

చిన్నవాడు కాసేపు మాట్లాడలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, లోయ ఉన్న చోట వెతికాడు. ఆ తర్వాత అడిగాడు.

“ఏం చేసింటే బాగుండు?”

“నీకేం చూపియ్యాలనుంది? పొద్దుపొడుపా, లోయనా?”

“లోయ.”

“అట్లయితే ఇంగా రోంతసేపు కాసుకోని ఉండు. ఎండ అవతలి గోడ మీద పడినంక తియ్యి. ఎదురు బండ మీద దూరంగా ఎవురన్నా ఉంటే వాళ్లని కూడా పట్టు, మనిషి కనపడితే లోతు తెలుస్తాది. అంచుకు మాత్రం ఎవుర్నీ పంపియ్యాకు.”

ఆ పెద్దవాడు ‘బాగలేదు’ అన్న మాట ఒక్కసారి కూడా వాడలేదు. కన్ను ఎక్కడికి పోయింది, ఎక్కడ ఆగింది, ఎక్కడికి పోలేదు అన్నది మాత్రమే చెప్పాడు. ఇది తీర్పు కాదు, అతని కన్ను నడిచిన దారి. దాంతో వాదించడానికి ఏమీ ఉండదు. నిజంగా బాగున్నదాన్ని, అంటే ఆకాశం రంగుని, ఫలానా కారణంతో బాగుందని చెప్పాడు. సలహా ఇచ్చే ముందు ‘నీకేం చూపియ్యాలనుంది’ అని అడిగాడు. చిన్నవాడు ‘పొద్దుపొడుపు’ అని ఉంటే సలహా మరోలా ఉండేది. అప్పుడు నల్లటి లోయ లోపం కాకుండా ఆకాశానికి ఆధారమయ్యేది. ఏ ఉద్దేశంతో తీశారో తెలుసుకోకుండా ఇచ్చే సలహా, చెప్పేవాళ్లు తీయాలనుకున్న ఫొటోకి పనికొస్తుందేమో గానీ ఎదుట ఉన్న ఫొటోకి పనికిరాదు.

చివర చెప్పిన జాగ్రత్త కూడా విలువైనదే. అంచున నిలబడిన మనిషి ఫొటోకి ఎక్కువ మెప్పు దక్కితే, రేపు ఇంకొకరు ఇంకో అడుగు ముందుకేస్తారు. అరకులో వలిసె చేలో మధ్యకు వెళ్లి తీసిన ఫొటోని మెచ్చుకుంటే, మరో నలుగురు ఆ మడి తొక్కుతారు. అది ఒక రైతు పంట. ఫొటోని మెచ్చుకునే మాట ఆ చోటికి ఏం చేస్తుందో కూడా స్నేహితులు ఆలోచించాలి.

రాళ్లు నచ్చాయి, కూరగాయలు నచ్చలేదు

స్నేహంగా విమర్శించుకోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఫొటోగ్రఫీ చరిత్రలో ఒక ముచ్చట ఉంది. అమెరికాలో యోసెమిటీ లోయని, సియెరా పర్వతాల్ని జీవితమంతా ఫొటోలు తీసిన ఆన్సెల్ ఆడమ్స్ 1902లో పుట్టారు. 1931లో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక పత్రికకు ఫొటో సమీక్షలు రాసేవారు. అప్పటికే పేరు పొందిన ఎడ్వర్డ్ వెస్టన్ ప్రదర్శన చూసి తన అభిప్రాయం దాచుకోకుండా రాశారు. వెస్టన్ తీసిన రాళ్ల ఫొటోలు అద్భుతంగా ఉన్నాయన్నారు. కూరగాయల ఫొటోలు అంత మెప్పించలేదన్నారు. కోసిన కూరగాయల లోపలి భాగాల ఫొటోలు అన్నిటికన్నా తక్కువ ఆసక్తి కలిగించాయని కూడా చెప్పారు. వయసులో వెస్టన్ ఆడమ్స్ కన్నా 16 ఏళ్లు పెద్ద. క్యాప్సికం వంటి మామూలు కూరగాయను శిల్పంలా చూపించి పేరు తెచ్చుకున్న మనిషికి, అదే కూరగాయల గురించి ఒక కుర్రవాడు రాసిన మాటలివి.

వెస్టన్ అలగలేదు. 1932 మొదట్లో ఆడమ్స్‌కి ఒక పెద్ద ఉత్తరం రాశారు. అంత ఆలోచించి రాసినందుకు సంతోషించి, కూరగాయల్ని తాను ఎందుకు తీస్తున్నారో, వాటిలో ఏం చూస్తున్నారో వివరించారు. ఒకరి మాటకు ఒకరు లొంగిపోలేదు, ఒకరినొకరు తోసిపుచ్చుకోనూ లేదు. అదే ఏడాది వీళ్లిద్దరూ ఇమోజెన్ కన్నింగ్‌హామ్, విల్లర్డ్ వాన్ డైక్ మొదలైనవాళ్లతో కలిసి ‘గ్రూప్ ఎఫ్/64’ మొదలుపెట్టి, నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టారు. మసకమసకగా, పెయింటింగ్‌లా కనిపించేలా ఫొటోలు తీయడం గొప్పనుకునే కాలంలో, లెన్సు చూసిందాన్ని స్పష్టంగా చూపాలని గట్టిగా చెప్పిన బృందం అది. 1937లో యోసెమిటీలో ఆడమ్స్ డార్క్‌రూమ్ తగలబడినప్పుడు ఆయన నెగెటివ్‌లను కాపాడే పనిలో వెస్టన్ కూడా చేయి కలిపారు.

ఆడమ్స్ సమీక్షలో రెండు గుణాలున్నాయి. నచ్చిందీ నచ్చనిదీ విడివిడిగా, ఫలానా ఫొటోలని పేరుపెట్టి చెప్పారు. నచ్చలేదన్నది ఫొటోల గురించే తప్ప మనిషి గురించి కాదు. వెస్టన్ జవాబులోనూ అంతే. తన పనిని సమర్థించుకున్నారు గానీ చెప్పినవాడిని చిన్నబుచ్చలేదు.

చెప్పడానికి నాలుగు మెట్లు

నృత్య కళాకారిణి లిజ్ లెర్మన్ 1990లో అమెరికాలో ఒకరి పని గురించి ఒకరు అభిప్రాయం చెప్పుకోవడానికి ఒక పద్ధతి తయారుచేశారు. నాట్యం కోసం పుట్టినా, తర్వాత రచన, చిత్రకళ, బోధన వంటి రంగాలకూ అది పాకింది. నలుగురు కూర్చుని ఒక ల్యాండ్‌స్కేప్ ఫొటో గురించి మాట్లాడుకోవడానికి చక్కగా సరిపోతుంది.

మొదటి మెట్టు: చూసినవాళ్లు తమను ఏది తాకిందో చెప్పాలి. ఇది ముఖస్తుతి కాదు. ‘కొల్లేటి నీళ్లలో ఆ ఒంటరి దోనె దగ్గర నా చూపు ఆగిపోయింది’ అన్నట్టు ఫలానాది అని చెప్పాలి.

రెండో మెట్టు: ఫొటో తీసినవాళ్లు తమ సందేహాలు అడగాలి. ‘ఎడమవైపు కొమ్మ అడ్డమనిపించిందా?’ ‘నీళ్లు మరీ పాలలా అయిపోయాయా?’ ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత పనికొస్తుంది.

మూడో మెట్టు: చూసినవాళ్లు ప్రశ్నలు వేయాలి. ప్రశ్న ముసుగులో అభిప్రాయం దూర్చకూడదు. ‘ఆకాశం అంత నీలం ఎందుకు చేశావు?’ అన్నది ప్రశ్న కాదు, నింద. ‘ఆకాశం రంగు ఎలా ఉండాలనుకున్నావు?’ అన్నది ప్రశ్న.

నాలుగో మెట్టు: అనుమతి అడిగి అభిప్రాయం చెప్పాలి. ‘రంగుల గురించి నాకొక ఆలోచన ఉంది, చెప్పనా?’ వినడానికి సిద్ధంగా లేకపోతే వద్దనే హక్కు తీసినవాళ్లకు ఉంటుంది. మన దగ్గర సలహాకు అనుమతి అడగడం వింతగా అనిపిస్తుంది. కానీ అడిగి చెప్పిన మాటను మనిషి తలుపు తీసి లోపలికి రానిస్తాడు.

ఈ వరస వల్ల ఒక మేలు జరుగుతుంది. అభిప్రాయం నోటికొచ్చేలోపు ఫొటోని కనీసం మూడుసార్లు చూడాల్సి వస్తుంది. మొదటి చూపులో ‘ఏముంది ఇందులో’ అనిపించిన ఫొటో మూడో చూపుకి తెరుచుకోవడం అరుదేమీ కాదు.

ఇలా కాకుండా... ఇలా

‘సూపర్!’ అనే బదులు: ‘నీటి మీద ఆ వెలుగు గీత పట్టుకుని పడవ దాకా వెళ్లిపోయాను.’

‘ఎడిటింగ్ ఎక్కువైంది’ అనే బదులు: ‘గడ్డి పచ్చదనం దగ్గరే నా కన్ను ఆగిపోతోంది, కొండ దాకా పోవట్లేదు. ఆ పొద్దున అంత పచ్చగా ఉందా?’

‘కంపోజిషన్ కుదర్లేదు’ అనే బదులు: ‘ఎడమన చెట్టు, కుడిన రాయి రెండూ సమానంగా లాగుతున్నాయి. నీకు ఏది ముఖ్యం?’

‘నేనైతే ఇలా తీయను’ అనే బదులు: ‘రెండడుగులు పక్కకు జరిగే వీలుందా అక్కడ?’

‘మంచి కెమెరా కొనుక్కో’ అనే బదులు: ‘నీడలో ఉన్నది కనిపించట్లేదు. తీసేముందు స్క్రీన్ మీద అక్కడ తాకి ఎక్స్‌పోజర్ మార్చి చూశావా?’

ఎక్కడెక్కడ చూడాలి?

మాట స్నేహంగా ఉంటే సరిపోదు, అందులో సరుకూ ఉండాలి. ల్యాండ్‌స్కేప్‌లో చూడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి.

ముందుగా అంచులు. ఫొటో తీసేటప్పుడు మన చూపంతా మధ్యలో ఉంటుంది. సగం తెగిన కొమ్మ, కరెంటు తీగ, పక్కవాళ్ల చెప్పు దూరేది మూలల్లోనే. నాలుగు అంచుల వెంట ఒకసారి చూపు తిప్పి చెప్పడం ఎవరైనా చేయగలిగిన సాయం.

తర్వాత దిగంతం. సముద్రమో చెరువో ఉన్న ఫొటోలో గీత కొంచెం ఒరిగినా నీళ్లు ఒలికిపోతున్నట్టుంటుంది. తీసినవాళ్లకు అలవాటైపోయి కనిపించదు, కొత్తగా చూసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

అన్నిటికన్నా లోతుగా మాట్లాడుకోవాల్సింది వెలుగు గురించి. హైదరాబాద్ ఖాజాగూడ బండల్ని మిట్టమధ్యాహ్నం తీస్తే బూడిదరంగు గుట్టల్లా చదునుగా కనిపిస్తాయి. అదే పొద్దు వాలేటప్పుడు పక్కనుంచి పడే ఎండలో ప్రతి పగులూ, ప్రతి వంపూ లేచి నిలబడుతుంది. ‘వెలుగు ఎటునుంచి వస్తోంది, ఏ ఆకారాన్ని చూపిస్తోంది’ అన్న ఒక్క ప్రశ్న మీద గంటసేపు మాట్లాడుకోవచ్చు. బొగత జలపాతం లాంటి చోట సమస్య తిరగబడుతుంది. ఎండ పడితే తెల్లటి నీళ్లు కాలిపోయినట్టు వివరం లేకుండా పోతాయి, చుట్టూ చెట్లు నల్లబడతాయి. అక్కడ మబ్బు పట్టిన రోజే మంచిది. అందుకే ‘గోల్డెన్ అవర్‌లో తీయాల్సింది’ అన్న సలహా అన్నిచోట్లా చెల్లదు. ఆ చోటుకి ఏ వెలుగు నప్పుతుందో ఆలోచించి చెప్పాలి.

రంగుల దగ్గర చాలామంది తడబడతారు. శాచురేషన్ పెంచుతూ పోతే కన్ను దానికి అలవాటుపడి ఇంకా కావాలంటుంది. ఎడిటింగ్ చేసినవాళ్లు కాసేపు లేచి వెళ్లి మళ్లీ వచ్చి చూస్తే సగం సమస్య వాళ్లకే కనిపిస్తుంది. మిగతా సగం పక్కవాళ్ల కన్ను పట్టుకుంటుంది.

కొన్ని లోపాలకు కారణం తెలిసి ఉంటే సలహా సూటిగా ఉంటుంది. ఆకాశంలో మధ్యన ముదురు నీలం, పక్కల లేత నీలం పట్టీలా కనిపిస్తే అది పోలరైజర్ ఫిల్టర్ పని అయి ఉండొచ్చు. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఆ ఫిల్టర్ బాగా పనిచేస్తుంది, వైడ్ లెన్సు ఆ దిశ దాటి చాలా ఆకాశాన్ని పట్టేసరికి తేడా బయటపడుతుంది. డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాల్లో అంతా స్పష్టంగా రావాలని అపర్చర్‌ని ఎఫ్/22 దాకా మూసేస్తే, డిఫ్రాక్షన్ వల్ల ఫొటో మొత్తం కాస్త మెత్తబడుతుంది. చాలా లెన్సులకు ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర మంచి స్పష్టత ఉంటుంది. ఇలాంటి సంగతి తెలిసినవాళ్లు చెప్పడంలో ఆలస్యం చేయకూడదు. ఇది అభిరుచి వ్యవహారం కాదు, పని కిటుకు.

ఒక జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పరిమాణం తగ్గిపోయి వస్తుంది. దాన్ని చూసి ‘షార్ప్‌గా లేదు’ అనడం న్యాయం కాదు. ఫోన్ వెలుతురు తగ్గించి ఉంటే నీడలు ఇంకా నల్లగా కనిపిస్తాయి. వీలైతే అసలు ఫైలు అడిగి, పెద్ద తెర మీద చూసి మాట్లాడాలి. ప్రింటు వేసి బల్ల మీద పెట్టుకుంటే మరీ మంచిది. నలుగురూ ఒకే వస్తువుని చూస్తూ మాట్లాడుకుంటారు.

వినడమూ ఒక విద్యే

చెప్పేవాళ్లకు ఎంత నేర్పు కావాలో, వినేవాళ్లకూ అంతే కావాలి. అది అడగడంతో మొదలవుతుంది. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అన్న జవాబే వస్తుంది. ‘నీ చూపు ముందు ఎక్కడికి వెళ్లింది?’, ‘ఇందులో ఒకటి తీసేయమంటే ఏది తీసేస్తావు?’ అని అడిగితే ఎదుటివాళ్లు ఆలోచనలో పడతారు. పది ఫొటోలు ఒకేసారి గుమ్మరించకుండా ఒక్కటే చూపించాలి. ఎంచుకోలేక పది చూపిస్తే, ఎంచే బరువు చూసేవాళ్ల మీద పడుతుంది.

రెండోది, వివరణ ఇవ్వకుండా ఉండగలగడం. ‘ఆ రోజు గాలి ఎక్కువ ఉండింది’, ‘ట్రైపాడ్ తీసుకెళ్లలేదు’, ‘గార్డు వెళ్లిపొమ్మన్నాడు’... ఇవన్నీ నిజాలే కావచ్చు. అయినా ఫొటో ఎక్కడికి వెళ్లినా ఆ సంజాయిషీలు దాని వెంట వెళ్లవు. చెప్పేవాళ్లు మాట ముగించేదాకా ఆగి, రాసుకుని, ఒక రాత్రి గడిచాక మళ్లీ ఫొటో చూసుకుంటే మాటలోని వేడి తగ్గి విషయం మిగులుతుంది.

మూడోది, జల్లెడ పట్టడం. విన్న ప్రతి మాటా పాటించాల్సిన పని లేదు. ఒకరు చెప్పింది అభిరుచి కావచ్చు. సంబంధం లేని ముగ్గురు ఒకే చోట వేలు పెట్టారంటే అక్కడ ఏదో ఉన్నట్టే. వాళ్లు చెప్పిన మందు తప్పు కావచ్చు గానీ నొప్పి ఉన్న చోటు మాత్రం నిజం. ‘చెట్టు తీసేయ్’ అని ముగ్గురూ అంటే, చెట్టు తీసేయడమే దారి కాకపోవచ్చు. ఆ చెట్టుకీ మిగతా దృశ్యానికీ పొత్తు కుదరలేదన్నది మాత్రం తెలిసినట్టే.

ఒక్కోసారి అందరూ కాదన్నా తన మాట మీద నిలబడాల్సిన సందర్భమూ వస్తుంది. వెస్టన్ కూరగాయల విషయంలో చేసింది అదే. నిలబడటానికీ మొండికేయడానికీ తేడా ఒక్కటే. నిలబడే మనిషి ఎందుకో చెప్పగలడు.

ఒక నెగెటివ్, వెయ్యి ప్రింట్లు

అభిప్రాయం చెప్పేవాళ్లలో కాలం కూడా ఒకటి. ఆడమ్స్ తీసిన ఫొటోల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీద చంద్రోదయం. కింద తెల్లగా మెరిసే సమాధుల శిలువలు, వెనక మంచుకొండలు, పైన చంద్రుడు. దారిలో ఆ దృశ్యం చూసి కారు ఆపేసరికి లైట్‌మీటర్ ఎక్కడుందో కనిపించలేదు. చంద్రుడి కాంతి విలువ గుర్తుండటంతో దాని ఆధారంగా ఎక్స్‌పోజర్ లెక్కగట్టి ఒక నెగెటివ్ తీశారు. రెండోది తీద్దామనుకునేలోపే శిలువల మీద వెలుగు పోయింది.

ఆ ఒక్క నెగెటివ్ నుంచి జీవితకాలంలో వెయ్యికి పైగా ప్రింట్లు తీశారు. అవన్నీ ఒకేలా లేవు. తొలినాటి ప్రింట్లలో ఆకాశం బూడిదరంగుగా, పల్చటి మబ్బులతో ఉంటుంది. కింది భాగం నెగెటివ్‌లో పలచగా ఉందనిపించి 1948లో దాన్ని రసాయనాలతో చిక్కబరిచారు. తర్వాతి దశాబ్దాల్లో ఆకాశం దాదాపు నలుపైపోయింది. ఆడమ్స్ మొదట పియానో వాయిద్యకారుడు కావాలనుకున్న మనిషి. నెగెటివ్‌ని సంగీతపు స్వరలిపితో, ప్రింటుని కచేరీతో పోల్చేవారు. లోకమంతా మెచ్చుకున్న ఫొటో కూడా ఆయనకు ‘అయిపోయిన’ ఫొటో కాలేదు.

అంతటి మనిషే తన పనిని ఇన్నిసార్లు తిరగదోడాడంటే, మన నిరుటి అరకు ఫొటోని ఈ ఏడాది మళ్లీ తెరిచి చూసుకోవడానికి సిగ్గుపడాల్సింది లేదు. అప్పుడు స్నేహితుడు చెబితే ఒప్పుకోలేని మాట ఇప్పుడు కళ్లకు కనిపించవచ్చు. కనిపిస్తే వాళ్లకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాలి. వాళ్లు చూపు పెట్టి చూసినందుకు అంతకన్నా పెద్ద కృతజ్ఞత ఉండదు.

మార్కులు చెప్పనివి

పోటీలకు ఫొటోలు పంపేవాళ్లు మన రాష్ట్రాల్లో తక్కువేం కాదు. అంతర్జాతీయంగా 1950లో ఏర్పడిన ఫొటోగ్రఫీ సంఘాల సమాఖ్య ఫియాప్, మన దేశంలో 1953లో ఏర్పడిన ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ వంటి సంస్థల గుర్తింపుతో ఏటా సలాన్లనే పోటీ ప్రదర్శనలు జరుగుతుంటాయి. అక్కడ న్యాయనిర్ణేతల ముందు వేల ఫొటోలు నడుస్తాయి. ఒక్కోదానికి దక్కేది కొన్ని క్షణాలు, ఆపైన మార్కులు. ఫొటో ఎంపికైందో లేదో తెలుస్తుంది గానీ ఎందుకో తెలియదు. అంత పెద్ద వడపోతలో అంతకు మించి కుదరదు కూడా.

ఆ లోటు తీర్చాల్సింది ఫొటో క్లబ్బులు, కాలేజీ గదులు, స్నేహితుల అరుగులు. అక్కడే మన అలవాటొకటి అడ్డుపడుతుంది. పెద్దవాళ్ల ఫొటోని చిన్నవాళ్లు వేలెత్తి చూపడం అమర్యాద అనుకుంటాం. కొత్తగా వచ్చిన అమ్మాయి ఒక సీనియర్ ఫొటో గురించి సందేహం అడిగితే గది బిగుసుకుపోతుంది. పోనీ సీనియరే ముందు అడిగేస్తే? ‘అమ్మా, ఈ ఫొటోలో నాకేదో తేడాగా ఉంది, నీకేమనిపిస్తోంది చెప్పు’ అని ఆయన ఒక్కమాట అంటే చాలు, ఆ గదిలో అందరికీ నోరు వస్తుంది. గౌరవం తగ్గదు సరికదా పెరుగుతుంది. ఫొటోగ్రఫీ ఏమాత్రం తెలియని ఇంటివాళ్లనూ అడగాలి. సాంకేతిక పదాలు తెలియని కన్ను కొండ ఎందుకు చిన్నదైపోయిందో, నీరు ఎందుకు నీరులా లేదో నిర్మొహమాటంగా చెబుతుంది.

ఏ ఊరు, ఏ తేదీ?

ఫొటో చూపించిన ప్రతివాళ్లనూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇది ఎక్కడ, ఎప్పుడు తీశావు? చంద్రోదయం ఫొటో తేదీని ఆడమ్స్ కూడా సరిగా రాసిపెట్టుకోలేదు. చంద్రుడి స్థానాన్ని బట్టి ఖగోళ లెక్కలు కట్టి, అది 1941 నవంబరు 1 అని తేల్చింది తర్వాతివాళ్లు. మన ఫొటోల్లో చంద్రుడు ఉండకపోవచ్చు, లెక్కలు కట్టేవాళ్లు అంతకన్నా ఉండరు. ఊరి పేరు, తేదీ రాసి ఉంచుకున్న ఫొటో అందమైన బొమ్మ మాత్రమే కాదు, సాక్ష్యం కూడా.

సాక్ష్యం అన్న మాట ఊరికే అనడం లేదు. కార్లెటన్ వాట్కిన్స్ 1861లో తీసిన యోసెమిటీ ఫొటోలు, ఆ లోయను కాపాడుతూ 1864లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన చట్టానికి దారి వేసినవాటిలో ఉన్నాయి. ఆడమ్స్ ఫొటోలు 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయ పార్కు ఏర్పడటానికి తోడ్పడ్డాయి. మన దగ్గర హైదరాబాద్ చుట్టూ ఉన్న 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ బండలు ఇళ్లకూ రోడ్లకూ పగిలిపోతుంటే, వాటికోసం 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పాటుపడుతోంది. పోలవరం జలాశయం నిండితే పాపికొండల మధ్య గోదావరి ఇప్పుడున్నట్టు ఉండదు. ఇవాళ సరదాగా తీస్తున్న ఫొటోల్లో కొన్ని రేపు ఆ చోట్లు ఎలా ఉండేవో చెప్పే ఏకైక ఆధారం కావచ్చు. అలాంటి ఫొటోలో లోయ లోయలా, కొండ కొండలా కనిపించాలి. గడ్డి దాని రంగులో ఉండాలి. అవి కనిపించేలా చేసేది, తీసిన మనిషి పక్కన కూర్చుని ‘నా కన్ను లోయలోకి దిగలేదు’ అని ధైర్యంగా, ప్రేమగా చెప్పే స్నేహితుడే.

కాబట్టి ఈసారి ఎవరైనా ఫొటో పంపితే బొటనవేలి బొమ్మ నొక్కేముందు ఒక నిమిషం ఆగండి. ఎక్కడ తీశారో అడగండి. మీ కన్ను ఎక్కడ ఆగిందో ఒక వాక్యంలో రాయండి. వాళ్లకు ఏం చూపించాలని ఉందో తెలుసుకున్నాకే సలహా చెప్పండి. మీ ఫొటో గురించి కూడా అలాగే అడిగి, అడ్డుపడకుండా వినండి. ఒకరి కొండను ఇంకొకరు ఇంత శ్రద్ధగా చూడటం మొదలుపెడితే ఫొటోలు బాగుపడతాయి. ఆ కొండలకు ఏమైనా అయినప్పుడు గుర్తుపట్టి అడిగేవాళ్లూ ఉంటారు.